రెండు వేళ్ల ఆసరా

ఆ వ్యాయామశాలలో ఆయన అందరికీ బావే. నిజానికి ఒక్కడికే బావ, అది భార్య తమ్ముడికి. ఆ తమ్ముడు కుర్రతనంలో బరువులెత్తడం నేర్చుకుంటానని అక్క మొగుడి వెంటపడి వచ్చి, నలుగురి ముందూ "బావా, బావా" అని పిలుస్తూ తిరిగాడు. మిగతావాళ్లూ అదే అందుకున్నారు. వాళ్లలో ఆయనకంటే పెద్దవాళ్లున్నారు, మనవల్ని ఎత్తినవాళ్లున్నారు. ఆడపిల్లలకు మాత్రం ఆ పిలుపుతో చిక్కొచ్చింది. పరాయి మగవాణ్ణి బావా అని పిలిచేదెలా అని నవ్వుకుని వాళ్లు బాబాయ్ అన్నారు. ఒకే మనిషి ఒకే గదిలో సగంమందికి బావ, సగంమందికి బాబాయ్ కావడం ఏ చుట్టరికంలోనూ పొసగదు. అక్కడ మాత్రం ఎవరూ దాన్ని సరిచూడలేదు.

ఆటగాళ్ల ఒంట్లో బలం పెంచడం ఆయన పని. ఆట నేర్పేవాళ్లు వేరు. పరుగు, దూకడం, విసరడం నేర్పే కోచ్‌లు తమ పిల్లల్ని ఆయన దగ్గరికి పంపేవారు. ఆయన వాళ్ల భుజాలనూ నడుమునూ తొడలనూ ఆ ఆటకు తట్టుకునేలా తయారుచేసి తిరిగి పంపేవాడు. దీనికోసం ఆయన ఎక్కడా చదువుకోలేదు. సామాన్లగది తాళాలు చూసుకునే ఉద్యోగంలో చేరాడు. బార్లు తుడిచాడు, ఇనుప ప్లేట్లు సర్దాడు, పాత శిక్షకుడి వెనక నిలబడి చూసి చూసి నేర్చుకున్నాడు. పాతాయన మానేశాక ఆ చోటు ఖాళీగా ఉండకూడదు కాబట్టి ఆయన నిలబడ్డాడు. నిలబడినవాణ్ణి పక్కకు తప్పుకోమని ఎవరూ అనలేదు. ఒకప్పుడు గోదాముగా ఉన్న గది ఆ వ్యాయామశాల. కిటికీలు ఎత్తులో ఉంటాయి, నేల మీద నల్లటి రబ్బరు పరుపులు, లోపలికి అడుగుపెట్టగానే రబ్బరూ చెమటా సుద్దపొడీ కలిసిన వాసన. ఆయనకది ఇంటివాసన కంటే ఎక్కువ అలవాటు.

ఆయనకొక పద్ధతి ఉంది. బెంచి మీద వెల్లకిలా పడుకుని, బార్‌ను ఛాతీ మీదికి దించి పైకి నెట్టేవాళ్ల తలాపున నిలబడి, చెరో చేతి రెండు వేళ్లూ బార్ కింద ఉంచేవాడు. బార్ తడబడగానే ఆ వేళ్లు కొద్దిగా లేచేవి. ఆ సాయం ఎంత స్వల్పమంటే, కింద ఉన్నవాళ్లకు అదంతా తమ బలమే అనిపించేది. "నీదే, నీదే, అంతా నీదే!" అని ఆయన అరుస్తుంటే వాళ్లు పళ్లు బిగించి లేపేసేవారు. లేచి కూర్చున్నప్పుడు వాళ్ల ముఖంలో వెలుగు చూడడం ఆయనకు జీతంకంటే పెద్ద బత్తెం. తన చేతికింద ఇన్నేళ్లలో ఒక్కరి మీదా బార్ పడలేదన్నది ఆయన గర్వం. ఆ మాట నిజం. అయితే ఆ నిజం దేనికి సాక్ష్యమో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

అక్క మొగుడి వెంటపడి వచ్చిన ఆ తమ్ముడే పెరిగి పెద్దవాడై, బొజ్జ కూడా పెంచుకుని, ఇప్పుడు ఆ వ్యాయామశాలకు మేనేజరయ్యాడు. ఒకరోజు పొద్దున్నే ఆయన్ని తన గదిలోకి పిలిచాడు.

"బావా, కూర్చో."

"నువ్వు కూర్చోమంటున్నావంటే ఏదో కొంప మునిగిందన్నమాట."

"ఇంకా మునగలేదు. ఈ సీజన్ నుంచి సర్టిఫికెట్ లేనివాళ్లు ఫ్లోర్ మీద ఎవరిచేతా బరువులెత్తించకూడదు. క్రీడాసంఘంవాళ్ల ఆర్డర్. రాతపరీక్ష, ప్రథమచికిత్స, ప్రాక్టికల్. నీలాంటి పాతవాళ్లకు డిగ్రీ అక్కర్లేదు, సర్వీసే డిగ్రీ కింద లెక్క. కానీ పరీక్షలు మాత్రం అందరితో పాటే."

"రాయకపోతే?"

"మళ్లీ సామాన్లగదే."

ఆయన గోడకు వేలాడుతున్న తాళాలగుత్తి వైపు చూశాడు. తర్వాత, "పాసయ్యేదాకా?" అన్నాడు.

"సర్టిఫికెట్ ఉన్నవాడు పక్కన ఉంటే పనిచెయ్యొచ్చు."

"ఇక్కడెవడికుంది?"

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "నాకుంది. మేనేజర్లకు ముందే పెట్టారు కదా, కిందటేడు రాశాను."

"నీకా? ఒరేయ్, నీకు బార్ పట్టుకోవడం నేర్పిందెవడు?"

"నువ్వే. అందుకే మొదటిసారి ప్రాక్టికల్ తప్పాను."

ఆయన కుర్చీ వెనక్కి తోసుకుని లేచిపోయాడు. ఆ కోపం సహజమే. ఒక జీవితకాలపు పనిని ఎవరో కొత్తగా కొలుస్తామంటే మనిషికి అవమానంగా తోస్తుంది. కానీ ఆ నియమం ఎవరినీ అవమానించడానికి పుట్టలేదు. వేరే ఊరి వ్యాయామశాలలో సెలవుల తర్వాత వచ్చిన పిల్లలకు తొలిరోజే, ఒళ్లు వంగడానికని, ఆగకుండా గుంజీల్లాంటివి చేయించారు. వాళ్లలో ఒకడి తొడకండరాలు చితికి, ఆ విషం మూత్రపిండాలకు ఎక్కి, ఆసుపత్రి పాలయ్యాడు. చేయించినవాడు దుర్మార్గుడు కాడు. పిల్లలంటే ప్రాణమిచ్చేవాడేనట. అతనికి ఏం తెలుసో, ఏం తెలియదో అంతవరకు ఎవరూ అడగలేదు, అంతే. మంచితనం అర్హతకు బదులు నిలబడదు. ఇది చెప్పడం సులభం, మంచివాడి ముఖం మీద చెప్పడమే కష్టం.

చెప్పే పని ఆయన భార్య తీసుకుంది. ఆమె ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. ఆయన ఆ సాయంత్రం ఇంటికొచ్చి జరిగిందంతా ఏకరువు పెడుతుంటే, ఆరిన బట్టలు మడతపెడుతూ విన్నది.

"ఇన్నేళ్ల తర్వాత నన్ను పరీక్ష రాయమంటారా?"

"నన్నూ రాయమంటూనే ఉన్నారు. ఎప్పటికప్పుడు క్లాసులకెళ్లి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోకపోతే నన్ను వార్డు గడప తొక్కనివ్వరు. నేనెప్పుడైనా ఏడ్చానా?"

"నీది ప్రాణాలతో పని."

"మీది? బస్తాలతోనా?"

ఆమె చొక్కా మడత మీద అరచేయి రుద్ది, "చదవండి. నేను చెప్తాను" అంది.

అలా భోజనాల బల్ల బడిబల్ల అయింది. ఆమె డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి కూర్చుంటే, ఆయన కళ్లజోడు పెట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. కండరాల పేర్లు నోరు తిరగకపోతే ఆమె తన భుజమే చూపించి, ఇది దేన్ని లాగుతుంది, అది దేన్ని తిప్పుతుంది అని అడిగేది. పని ఆయనకు తెలుసు, పేరే తెలియదు. కొన్నిచోట్ల పుస్తకం ఆయన పక్షాన నిలిచింది. ఎవరైనా రాగానే రాత్రి నిద్ర పట్టిందా అని అడగడం, పట్టలేదంటే ఆరోజు బరువు తగ్గించడం ఆయనకు ఎప్పటినుంచో అలవాటు. పుస్తకమూ అదే చెప్పింది. కొన్నిచోట్ల ఎదురు తిరిగింది. సాధన మధ్యలో నీళ్లు తాగితే ఒళ్లు మెత్తబడుతుందని ఆయన గట్టి నమ్మకం.

"నా కళ్లతో చూశాను" అన్నాడు.

"నీళ్లు తాగి నీరసపడినవాళ్లను చూశారు. తాగకుండా నీరసపడినవాళ్లను లెక్కపెట్టారా?"

"వాళ్లు వేరే కారణంతో పడ్డారు."

"తాగినవాళ్లు మాత్రం నీళ్లవల్లే పడ్డారా! బాగుంది తీర్పు."

ఆయన నవ్వేసి నీళ్ల గ్లాసు అందుకున్నాడు. ఆగిన గుండె మళ్లీ కొట్టుకునేలా చెయ్యడానికి ఛాతీ నొక్కే పద్ధతిని దిండు మీద సాధన చేస్తుంటే, "కొంచెం మెల్లగా, ఆ దిండు నిక్షేపంగా బతికే ఉంది" అని ఆమె గుమ్మంలో నిలబడి వేళాకోళం చేసింది. రాతపరీక్షా ప్రథమచికిత్సా గట్టెక్కాయి. ప్రాక్టికల్ గురించి ఇద్దరూ బెంగపడలేదు. అది ఆయన సొంత ఇలాకా అనుకున్నారు.

పరీక్ష తీసుకున్నావిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న, నెమ్మదైన మనిషి. ఎదుట బెంచి మీద ఎవరో తెలియని కుర్రాడు. ఆయన అతని నిద్ర అడిగాడు, పాత దెబ్బలు అడిగాడు, ఖాళీ బార్‌తో ఒళ్లు వెచ్చబెట్టించాడు. ఆవిడ తలాడిస్తూ రాసుకుంది. బరువు పెరిగింది. కుర్రాడు చివరిసారి నెడుతున్నప్పుడు బార్ సగంలో తడబడింది. ఆయన వేళ్లు లేచాయి. "నీదే, నీదే!" అన్నాడు. బార్ పైకి వెళ్లింది.

ఆవిడ కలం ఆపింది. "మాస్టారూ, ఈ అబ్బాయి ఇప్పుడు ఎంత బరువు లేపాడు?"

"బార్ మీద ఉన్నంత."

"అందులో మీ వేళ్లది ఎంత?"

ఆయన తన వేళ్లకేసి చూసుకున్నాడు.

"నాకూ తెలీదు. అతనికీ తెలీదు. మరి వచ్చేవారం ఎంత వెయ్యాలో ఎలా నిర్ణయిస్తారు?"

"అమ్మా, మీద పడితే?"

"పడితే ఆపడానికే అటూ ఇటూ అడ్డకమ్మీలున్నాయి. మీరు వాటి ఎత్తు చూడలేదు. లేపలేకపోతే ఏం చెయ్యాలో అతనికి చెప్పలేదు. ఎప్పుడు పట్టుకోమంటావని అడగలేదు. అడక్కుండా పట్టుకున్నారు." ఆవిడ గొంతులో కాఠిన్యం లేదు. "మిగతాదంతా చక్కగా చేశారు. ఈ ఒక్క భాగం మళ్లీ చెయ్యాలి. ఈసారి కావాలంటే మీ దగ్గర నేర్చుకుంటున్నవాళ్లనే తెచ్చుకోండి."

ఆవిడ న్యాయం తప్పలేదు. రాజీ కూడా పడలేదు. ఆ రెండూ ఒకేచోట ఉండగలవని ఆయనకు ఆ క్షణంలో తోచలేదు. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీదే కూర్చుండిపోయాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"పిల్లలు పడుతుంటే చూస్తూ నిలబడమంటోంది" అన్నాడు.

"మా వార్డులో తుంటి ఆపరేషన్ అయినవాళ్లను మొదటిసారి నిలబెట్టేది నేనే" అంది ఆమె. "కొత్తలో గట్టిగా పట్టుకునేదాన్ని. వాళ్లు హాయిగా నామీద వాలిపోయేవారు. పాదం నేల మీద ఆనేది కాదు. నడిచాం అనుకునేవారు, నడిచింది నేను. పెద్ద సిస్టర్ చూసి చివాట్లు పెట్టింది. ఇప్పుడు నా చేతులు వాళ్ల నడుం చుట్టూ ఉంటాయి. తగలవు."

"తగలకుండా ఎలా ఉంటాయి?"

"నొప్పి పుడుతుంది, చేతులకి. పట్టుకోవడమే తేలిక."

ఆయన చాలాసేపటికి బూటు తాడు విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు బావమరిది వ్యాయామశాల తలుపులు దగ్గరగా వేసి, చొక్కా విప్పి, బనియనుతో బెంచి మీద పడుకున్నాడు. "రా బావా. నేనూ అక్కడే తప్పాను. చెప్తే వినే రకం కాదని చెప్పలేదు."

"ఆ బొజ్జతో నువ్వేం ఎత్తుతావురా!"

"ఎత్తనుగా! ఎత్తలేకపోవడమే నీకు చూపించాలి. కమ్మీలు పెట్టు. నేను ఛాతీ విరిచి పడుకుంటే బార్ కమ్మీలకు తగలకూడదు. ఊపిరి వదిలి ఛాతీ దించేస్తే కమ్మీల మీద కూర్చోవాలి. కొలుచుకో."

ఖాళీ బార్‌తో ఎత్తు సరిచూసి, తర్వాత ప్లేట్లు వేశారు. బార్ దిగింది, సగం లేచింది, ఆగింది. ఆయన వేళ్లు వాటంతటవే వెళ్లాయి.

"చెయ్యి తియ్ బావా!"

మళ్లీ మొదలు. మళ్లీ వేళ్లు వెళ్లాయి. ఇంకోసారికి ఆయన పిడికిళ్లు బిగించుకుని నిలబడితే బావమరిది కిందనుంచే కసిరాడు: "అలా నిలబడితే నిజంగా అవసరమైనప్పుడు అందుకోలేవు. అరచేతులు తెరువు, బార్ కిందే ఉంచు, తగలనివ్వకు." ఎట్టకేలకు ఒకసారి వేళ్లు కదల్లేదు. బార్ మెల్లగా దిగింది. బావమరిది ఊపిరి వదిలాడు. బార్ ఖంగుమని కమ్మీల మీద కూర్చుంది. అతను కిందనుంచి పక్కకు జారి లేచి నిలబడి, రెండు చేతులూ చాపి చూపించాడు.

"చూడు, చచ్చిపోలేదు. మీ చెల్లాయికి ఫోన్ చేసి చెప్పనా?"

ఆయన నవ్వలేదు. కమ్మీ మీద బార్ ఆనిన చోట చెయ్యి వేసి నిమిరాడు. పడడం కూడా నేర్పదగ్గ విద్య అని, దాన్ని తాను ఇంతమందిలో ఒక్కరికీ నేర్పలేదని ఆయనకు అప్పుడు తట్టింది.

అసలు కష్టం పిడుగుతో వచ్చింది. పిడుగు అంటే షాట్‌పుట్ విసిరే కాలేజీ పిల్ల. భుజాలూ పెద్దవే, నోరూ పెద్దదే. తండ్రి బస్సు డ్రైవరు. కూతురు బెంచి మీద ఎంత బరువు లేపుతుందో అతని బస్సెక్కినవాళ్లలో తెలియనివాళ్లు తక్కువ. ఆ అమ్మాయి వచ్చి ఎప్పటి బరువే వేసుకుని పడుకుంది. ఆయన తలాపున అరచేతులు తెరిచి నిలబడ్డాడు. కమ్మీల దగ్గర బావమరిది ఉన్నాడు. బార్ దిగింది. లేవలేదు.

"బాబాయ్, వేళ్లు!"

"ఛాతీ దించెయ్, కమ్మీల మీద పెట్టెయ్."

బార్ ఖంగుమంది. పిడుగు జారి లేచింది. ముఖం ఎర్రబడింది. "ఏమైంది నీకు? రోజూ లేపేదాన్నేగా?"

మాట దాటెయ్యడానికి ఆయనకు దారులు చాలా ఉన్నాయి. నిద్ర చాలలేదేమో అనొచ్చు, ఒంట్లో బాగాలేదేమో అనొచ్చు. ఆయన బెంచి అంచున కూర్చుని, "రోజూ లేపింది నువ్వొక్కదానివే కాదమ్మా. కొంత నేను లేపాను" అన్నాడు.

"కొంతంటే ఎంత?"

"అదే నాకూ తెలీదు. తెలియకుండా చేసింది నేనే."

"అంటే మా నాన్న బస్సంతా చాటింది అబద్ధమా?"

పిడుగు తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తర్వాత కొన్నాళ్లు రాలేదు. ఆ రోజుల్లో ఆయన మనసు రెండుగా చీలింది. చెప్పకుండా ఉండాల్సిందని ఒకసారి అనిపించేది, ముందే చెప్పాల్సిందని ఇంకోసారి. తప్పింది పరీక్షే అయితే మళ్లీ రాయొచ్చు. పిల్ల నమ్మకం పోతే దానికి ఏ సంఘమూ రెండో తేదీ ఇవ్వదు.

పిడుగు ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా వచ్చి, ఖాళీ బార్ దగ్గర నిలబడింది.

"నాన్నకు చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"'నువ్వు ఎత్తగలిగే ఆ తక్కువదైనా నేను ఎత్తలేను కదే' అన్నాడు. బస్సులో మాత్రం ఇంకెవరికీ చెప్పనని ఒట్టేశాడు. రెండ్రోజులుంటే గొప్పే." ఆమె అతికష్టమ్మీద నవ్వు ఆపుకుంది. "నా అసలు బరువెంతో తేల్చు బాబాయ్. మొదట్నుంచీ."

తేల్చారు. పాతదానికంటే తక్కువే. కానీ అది ఆమెది. అక్కడినుంచి నెమ్మదిగా పెరిగింది. పరీక్షకు తనతో వస్తావా అని ఆయన అడిగినప్పుడు ఆమెకు ఒక్కటే సందేహం వచ్చింది.

"నేను ఎత్తలేకపోతే నీ మార్కులు పోతాయా?"

"పోవంటున్నారు."

"నీకు నమ్మకముందా?"

"లేదు" అన్నాడు నిజాయితీగా.

పరీక్షగదిలో అదే ఆవిడ, అదే నెమ్మది. ఆయన ఖాళీ బార్‌తో పిడుగును పడుకోబెట్టి కమ్మీల ఎత్తు సరిచూశాడు. ఛాతీ దించి బార్‌ను కమ్మీల మీద పెట్టి, పక్కకు జారి రమ్మన్నాడు. ఆమె వచ్చింది. "ఎప్పుడు పట్టుకోను?" అని అడిగాడు. "'పట్టు' అన్నప్పుడు" అంది. "బార్ మెడవైపు వాలితే నువ్వు అనకపోయినా పట్టుకుంటాను" అన్నాడు. సరేనంది. ఇదంతా పూర్తయ్యాకే ప్లేట్లు వేశాడు. తన అసలు బరువు ఆమె శుభ్రంగా లేపింది. ఆ ఊపులో ఇంకొంచెం వెయ్యమంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి వేశాడు.

బార్ దిగింది. లేవడం మొదలుపెట్టి, సగం దారిలో ఆగిపోయింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆయన అరచేతులు బార్ కింద, వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. "నీదే" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. బార్ అటూ వాలలేదు, ఇటూ వాలలేదు. ఆమె 'పట్టు' అనలేదు. భార్య చెప్పిన నొప్పి ఆయన మోచేతుల దాకా పాకింది. బార్ తిన్నగా కిందికి వచ్చింది. పిడుగు ఊపిరి వదిలింది. ఇనుము ఇనుము మీద కూర్చుంది. ఆమె పక్కకు జారి, లేచి, జుట్టు వెనక్కి తోసుకుంది.

"పట్టుకోమని ఎందుకు అనలేదమ్మా?" అని అడిగింది పరీక్ష తీసుకున్నావిడ.

"అంత అవసరం రాలేదండీ. కమ్మీలున్నాయి, బాబాయ్ ఉన్నాడు."

ఆవిడ ఆయనవైపు తిరిగింది. "మీరేమంటారు మాస్టారూ?"

"ఇది ఎత్తలేదండీ. దీనికి ముందుది ఎత్తింది. వచ్చేవారం అక్కడినుంచే మొదలుపెడతాం."

ఆవిడ సంతకం చేసి కాగితం ఆయన చేతికిచ్చింది. ఎన్నేళ్లకోసారి మళ్లీ చదివి, మళ్లీ చూపించుకోవాలో కూడా చెప్పింది. ఆయన ఈసారి దానికి అభ్యంతరం చెప్పలేదు.

బయటికొచ్చాక పిడుగు మెట్ల మీద ఆగిపోయి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇదెక్కడి న్యాయం బాబాయ్! నేను ఫెయిలయితే నువ్వు పాసవుతావా?"

"నువ్వు ఫెయిలవడం బాగా చేశావమ్మా."

"అయితే నా వాటా నాకు కావాలి. రేపు నువ్వు బెంచి మీద పడుకోవాలి. నేను వెనక నిలబడతాను."

ఆయన నవ్వి తప్పించుకోబోయాడు. ఆమె వదల్లేదు.

మర్నాడు కమ్మీలు సరిచూసుకుని, ఆయన పడుకున్నాడు. ఇన్నేళ్లూ అందరి తలాపునా నిలబడ్డవాడు ఆ గది పైకప్పును కిందనుంచి చూడడం మరిచిపోయాడు. రేకుల సందుల్లోంచి సన్నటి వెలుతురు పడుతోంది. దానికి ఇవతల బార్, బార్ కింద పిడుగు తెరిచిన రెండు అరచేతులు, వాటి మీద సుద్దపొడి. మామూలుగా వాగుడుకు అంతులేని ఆ పిల్ల ఒక్కమాటా మాట్లాడ్డం లేదు. కనుబొమలు ముడిచి, ఆయన ముఖాన్నే చూస్తోంది.

"ముట్టుకోకు సుమా" అన్నాడు ఆయన.

"ముట్టుకోను. నీలా కాదు నేను. కానివ్వు బాబాయ్."

బార్ ఛాతీ దాకా వచ్చింది. ఆయన ఊపిరి బిగించి నెట్టాడు. ఒకచోట అది బరువెక్కి, నిలిచిపోతుందేమో అనిపించింది. పైనున్న చేతులు కదల్లేదు. ఎక్కడికీ పోనూ లేదు. ఆయన మళ్లీ నెట్టాడు.